పిల్లల ఫోను లొకేషన్: చుక్క చెప్పేది, చెప్పనిది

7.1 ప్రస్తావన

సాయంత్రం ఆరున్నర. కండ్లకోయ, మైసమ్మగూడ వైపు కళాశాలల బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కే వేళ. బస్సు దొరకనివాళ్ళు షేర్ ఆటోల కోసం కూడలిలో నిలబడి ఉంటారు. మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో ఒక ఇంట్లో తల్లి ఒక చేత్తో బియ్యం కడుగుతూ, రెండో చేత్తో ఫోను తెరిచి పటం మీద ఒక చుక్కను చూస్తుంది. చుక్క కదిలితే ఆమె పని చేసుకుంటుంది. కదలకపోతే ఫోన్ చేస్తుంది: "ఏడున్నవ్ బిడ్డా?"

ఈ దృశ్యం మీకు కొత్త కాదు. ఈ పుస్తకం చదువుతున్నవారిలో కొందరు ఆ చుక్క, అంటే ఎవరో ఒకరు పటం మీద చూస్తున్న పిల్లలు. మరికొందరు ఆ చుక్కను చూస్తున్న తల్లులు, తండ్రులు. పెళ్ళి తరవాత చదువు మళ్ళీ మొదలుపెట్టిన వారిలో రెండూ తామే అయినవారు కూడా ఉంటారు: పిల్లల చుక్కను తాము చూస్తుంటే, తమ చుక్కను మరెవరో చూస్తుంటారు. కాబట్టి ఈ పాఠాన్ని ఒక వైపు నుంచే చదవకండి.

సమాచార సాంకేతికత కుటుంబ జీవితంలోకి ఎలా వచ్చిందో గత పాఠాల్లో చూశాం. ఈ పాఠంలో ఒకే ఒక్క సాధనాన్ని తీసుకుందాం. పిల్లలు ఎక్కడున్నారో ఫోను ద్వారా తెలుసుకోవడం అనే పని ఎలా జరుగుతుంది, దానితో భద్రత ఎంతవరకు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ చుక్క "ఫోను ఎక్కడుంది?" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. "బిడ్డ క్షేమమేనా?" అన్న ప్రశ్నకు చెప్పదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకున్న ఇళ్ళలో చిక్కులు మొదలవుతాయి.

7.2 చుక్క ఎలా పుడుతుంది?

ఫోను తానెక్కడుందో మూడు దారుల్లో తెలుసుకుంటుంది. మొదటిది జీపీఎస్. అమెరికా ప్రభుత్వం నడిపే ఈ వ్యవస్థ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ప్రతి ఉపగ్రహం "ఇప్పుడు టైము ఇంత, నేనిక్కడున్నాను" అని నిరంతరం ప్రసారం చేస్తుంది. రేడియో తరంగం కాంతి వేగంతో ప్రయాణిస్తుంది కనుక, సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోను లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తన స్థానం తేలుతుంది. ఇక్కడ సమయం ఎంత ఖచ్చితంగా ఉండాలో గమనించండి: సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది.

ఇది ఒకవైపు వ్యవహారం. ఉపగ్రహం మాట్లాడుతుంది, ఫోను వింటుంది. మీ ఫోను ఎక్కడుందో ఉపగ్రహానికి తెలియదు. తల్లి ఫోనుకు ఆ సంగతి చేరాలంటే పిల్లల ఫోను మొబైల్ డేటా ద్వారా పంపాలి. డేటా ఆగిపోతే, తానెక్కడుందో ఫోనుకు తెలిసినా ఇంట్లోవారికి తెలియదు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

రెండో దారి వైఫై. ఏ వైఫై పేర్లు ఏ వీధిలో వినిపిస్తాయో గూగుల్, ఆపిల్ వంటి సంస్థల దగ్గర పెద్ద జాబితాలున్నాయి. ఇంటి లోపల, షాపింగ్ మాల్‌లో ఉపగ్రహ సంకేతం సరిగా అందనప్పుడు ఫోను వీటి మీద ఆధారపడుతుంది. మూడోది సెల్‌టవర్. ఫోను ఏ టవర్‌తో మాట్లాడుతోందో దాన్నిబట్టి ఒక ప్రాంతం అంచనాకు వస్తుంది. టవర్లు దగ్గర దగ్గరగా ఉన్న సికింద్రాబాద్ వంటి చోట ఆ అంచనా కొన్ని వందల మీటర్లలో ఉండవచ్చు. టవర్లు దూరంగా ఉన్న ఊరి శివార్లలో అది కిలోమీటర్లకు పెరుగుతుంది.

బయట ఆకాశం కనిపించే చోట జీపీఎస్ తప్పు సాధారణంగా అయిదు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎత్తయిన భవనాల మధ్య, చెట్ల కింద, బస్సు లోపల ఎక్కువవుతుంది. అయిదు పది మీటర్లు ఏమంత పెద్ద తేడా అనిపిస్తుంది కదా? మన ప్రాంతంలో అది పెద్ద తేడాయే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్ పక్క నుంచి, శామీర్‌పేట పక్క నుంచి వెళుతుంది. దానికి ఆనుకొనే సర్వీస్ రోడ్డు ఉంటుంది. సర్వీస్ రోడ్డు మీద స్కూటీపై వస్తున్న అమ్మాయి చుక్క పటంలో ఒక్కోసారి ఔటర్ మీద కనిపిస్తుంది. ఔటర్ మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరని ఇంట్లో అందరికీ తెలుసు. అంటే "స్కూటీ వదిలేసి ఎవరి కారులో వెళుతోంది?" అన్న అనుమానం పుట్టడానికి పది మీటర్ల తప్పు చాలు.

పటంలో చుక్క చుట్టూ లేత నీలంరంగు వలయం కనిపిస్తే దాన్ని నిర్లక్ష్యం చేయకండి. "ఈ వలయంలో ఎక్కడైనా ఉండవచ్చు" అని ఫోను ఒప్పుకుంటున్న గుర్తు అది. వలయం చిన్నదైతే నమ్మకం ఎక్కువ, పెద్దదైతే తక్కువ. మనం చుక్కను చూస్తాం గాని వలయాన్ని చూడం.

7.3 చుక్క వయస్సు

స్థానంలో తప్పు కన్నా సమయంలో తప్పు ఎక్కువ భయపెడుతుంది. దీనికి మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

ఉద్యోగ విరమణ తరవాత నేను శామీర్‌పేటకు కొంచెం అవతల ఉంటున్నాను. మనవరాలు మేడ్చల్‌లో ఇంటర్ చదువుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె చుక్క శామీర్‌పేట చెరువు దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. ఫోన్ చేస్తే స్విచాఫ్. చెరువు పక్కన చీకటి పడుతున్న వేళ ఒక ఆడపిల్ల చుక్క కదలకుండా ఉంటే ఇంట్లో ఎవరి మనసు ఎలా పోతుందో వేరే చెప్పనక్కరలేదు. కోడలు ఏడుపు మొదలుపెట్టింది. మా అబ్బాయి హెల్మెట్ కూడా పెట్టుకోకుండా బండి తీసి రాజీవ్ రహదారి మీదకు దూసుకెళ్ళాడు. అతను వెళ్ళిన కొద్ది నిమిషాలకు మనవరాలు గేటు తీసుకొని లోపలికి వచ్చి "తాతా, ఛార్జింగ్ అయిపోయింది" అంది. శామీర్‌పేటలో దిగి, జిరాక్స్ షాపులో రికార్డు పని చూసుకొని, వేరే ఆటోలో వచ్చింది.

తరవాత పటాన్ని తీరిగ్గా చూశాను. చుక్క కింద చిన్న అక్షరాల్లో "55 నిమిషాల క్రితం" అని ఉంది. ఇంట్లో ముగ్గురం చదువుకున్నవాళ్ళం, ముగ్గురమూ ఆ వాక్యం చదవలేదు. ఆగిపోయింది పిల్ల కాదు, సమాచారం. ఆ సాయంత్రం మా ఇంట్లో నిజంగా ప్రమాదంలో పడిన మనిషి ఎవరంటే, హెల్మెట్ లేకుండా లారీల మధ్య బండి నడిపిన మా అబ్బాయి.

చుక్క పాతబడటానికి కారణాలు చాలావరకు మామూలువే. ఛార్జింగ్ అయిపోవడం, ఆ రోజు డేటా అయిపోవడం, సిగ్నల్ లేకపోవడం. వీటికన్నా ఎక్కువమందికి తెలియనిది మరొకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం తెర ఆరిపోయాక వెనక నడుస్తున్న యాప్‌లను నిద్రపుచ్చుతాయి. లొకేషన్ పంపే యాప్ కూడా అలా నిద్రపోతే, ఫోను జేబులో కదులుతూనే ఉంటుంది, చుక్క మాత్రం నిలిచిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ నియంత్రణ లేకుండా చేస్తే, లొకేషన్ అనుమతి "ఎల్లప్పుడూ" అని ఇస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. బ్యాటరీ కొంచెం త్వరగా ఖర్చవుతుంది.

7.4 ఏ సాధనం, ఏ అవసరానికి?

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంది. దాన్ని 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అనే మూడు గడువుల్లో దేనికైనా పెట్టవచ్చు. గడువు ముగిశాక అదే ఆగిపోతుంది. పంపేది పిల్లలే, ఆపేదీ వారే. నాకు ఇందులో నచ్చేది గడువే. "కాలేజీ నుంచి ఇంటికి చేరేదాకా" అన్నది ఒక ప్రయాణానికి సంబంధించిన ఏర్పాటు. అది మనిషి మొత్తం మీద వేసిన నిఘా కాదు.

గూగుల్ మ్యాప్స్‌లో ఎంచుకున్న వ్యక్తితో గంటసేపు గాని, ఆపేదాకా గాని లొకేషన్ పంచుకోవచ్చు. ఎదుటి ఫోనులో ఛార్జింగ్ ఎంత మిగిలిందో కూడా ఇందులో కనిపిస్తుంది. మా ఇంటి కథ తరవాత నేను చూసేది ముందుగా ఆ అంకెనే. ఐఫోన్లలో ఫైండ్ మై ఇదే పని చేస్తుంది. చిన్నపిల్లల ఫోను కోసం గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉంది. అందులో పిల్లల ఖాతా తల్లిదండ్రుల ఖాతా కింద నడుస్తుంది. లొకేషన్‌తోపాటు ఏ యాప్ ఎంతసేపు వాడవచ్చో కూడా నిర్ణయించవచ్చు. ఇవన్నీ పిల్లలకు తెలిసేలా పనిచేస్తాయి. తెలియకుండా పనిచేస్తాయని ప్రకటించుకునే యాప్‌ల సంగతి తరవాత చూద్దాం.

పిల్లల దగ్గర అసలు ఫోనే లేకపోతే? బడి పిల్లల విషయంలో చాలా ఇళ్ళది ఇదే పరిస్థితి. ఫోనును బడిలోకి రానివ్వరు. అప్పుడు ఇంట్లోవారు బడి బస్సు యాప్ చూస్తారు. ఆ యాప్ చూపించేది బస్సును. బస్సులో బిడ్డ ఎక్కిందో లేదో దానికి తెలియదు. డ్రైవరు ఎలా నడుపుతున్నాడో తెలియదు. మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు వెళ్ళే రైలు మార్గంలోనే, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర 2014 జూలై 24న కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ బస్సులో ఎంత మంచి జీపీఎస్ ఉన్నా ఆ ఉదయం చేయగలిగింది ఏమీ లేదు. గేటుకు కాపలా, డ్రైవరుకు శిక్షణ, బస్సులో ఒక సహాయకురాలు ఉన్నారా అని బడిని అడగడం చుక్కను చూడటం కన్నా కష్టమైన పని. అందుకే తక్కువమంది అడుగుతారు.

స్మార్ట్‌ఫోను లేని వారికి కూడా ఒక దారి ఉంది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవను ప్రారంభించింది. యాప్ ద్వారా గాని, 100కు ఫోన్ చేసి 8 నొక్కి గాని తమ ప్రయాణాన్ని గమనించమని మహిళలు కోరవచ్చు. దారిలో క్షేమ సమాచారం అడుగుతారు, తేడా వస్తే స్పందిస్తారు. ఇంట్లో కీప్యాడ్ ఫోను మాత్రమే ఉన్న తల్లి ఇంట్లో పటం చూడలేకపోయినా, కూతురు ప్రయాణాన్ని చూసేవారు మరొకరు ఉన్నారని తెలుసుకోవడం అవసరం.

7.5 చుక్క కనిపించాక ఏం చేస్తారు?

ఎక్కడుందో తెలియడం సగం పనే. 2019 నవంబరు 27 రాత్రి ఔటర్ రింగ్ రోడ్డుకు మరో కొసన, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద జరిగిన ఘోరం మీకు గుర్తుంటుంది. ఆ తరవాత పోలీసులు ఆమెకు "దిశ" అని పేరు పెట్టారు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి, తానెక్కడుందో, తనకెందుకు భయంగా ఉందో చెప్పింది. కొద్దిసేపటికి ఫోను స్విచాఫ్ అయింది. అంటే ఆ కుటుంబానికి స్థలం తెలుసు. ఆ తరవాత ఫిర్యాదు తీసుకోవడంలో, ఇది ఏ స్టేషను పరిధి అన్న మాటల్లో విలువైన సమయం పోయిందని కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేసే "జీరో ఎఫ్‌ఐఆర్" అన్న మాట మామూలు జనం నోట నానింది ఆ రోజుల తరవాతే.

ఈ ఘటన నుంచి మీరు గుర్తుంచుకోవలసింది చుక్క గురించి కాదు, చుక్క చూశాక వేసే అడుగుల గురించి. ఇంట్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? మొదటి ఫోను 112కా, దగ్గర్లో ఉన్న మేనమామకా? అక్కడికి పది నిమిషాల్లో చేరగలిగిన మనిషి ఎవరు? వరంగల్‌లో ఉన్న తండ్రి శామీర్‌పేటలో ఉన్న కూతురి చుక్కను ఎంతసేపు చూసినా ఏం లాభం? ఆయన దగ్గర ఉండాల్సింది పటం కాదు, ఆమె హాస్టల్ వార్డెన్ నంబరు, గదిలో తోడుండే స్నేహితురాలి నంబరు.

మరో సంఘటన ఇంకా దగ్గరిది, ఇంకా సున్నితమైనది. 2021లో మేడ్చల్ జిల్లాలో ఒక విద్యార్థిని తానెక్కిన ఆటోను డ్రైవరు ఆపడం లేదని ఇంటికి ఫోన్‌లో చెప్పింది. ఇంట్లోవారు పోలీసులకు చెప్పారు. పోలీసులు ఫోను లొకేషన్ ఆధారంగా వెదికి ఆమెను త్వరగానే కనుక్కున్నారు. ఆటోడ్రైవర్లను అదుపులోకి తీసుకున్నారు. టీవీల్లో రోజంతా అదే వార్త. కొద్ది రోజుల్లోనే, సీసీ కెమెరాల దృశ్యాలు ఆ కథనంతో కలవలేదని, అపహరణ జరగలేదని, ఇంటికి వెళ్ళడం ఇష్టంలేక ఆమె అలా చెప్పిందని పోలీసులు ప్రకటించారు. ఆ తరవాత కొన్నాళ్ళకే ఆ అమ్మాయి మరణించింది. ఆమె గురించి ఇంతకు మించి రాయడం న్యాయం కాదు.

దీన్ని ఇక్కడ ఎందుకు ప్రస్తావించాను? ఫోను లొకేషన్ చేయాల్సిన పని అది చేసింది. మనిషి దొరికింది. తప్పు చేయని ఆటోడ్రైవర్లు బయటపడటానికి కెమెరాలు ఉపయోగపడ్డాయి. కాని ఒక యువతికి ఇంటికి వెళ్ళాలని ఎందుకు అనిపించలేదన్న ప్రశ్నను చూపించగల పటం ఏదీ లేదు. దానికి దగ్గర కూర్చొని అడిగే మనిషి కావాలి. అడిగినప్పుడు నిజం చెప్పినా తిట్లు పడవన్న నమ్మకం ఆ పిల్లకు ఉండాలి.

7.6 ఎవరి ఫోను? ఎవరి అనుమతి?

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నాకొక ప్రశ్న గుర్తొస్తుంది: గోప్యత అన్నది కోర్టుల మాటేనా, ఇంటి మాట కూడానా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ తీర్పు ప్రధానంగా పౌరునికీ ప్రభుత్వానికీ మధ్య విషయం. ఆ తరవాత వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి డేటా వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. పిల్లల కదలికలను, ప్రవర్తనను కంపెనీలు వెంటాడకూడదు. పిల్లల భద్రత కోసం వారు ఇప్పుడెక్కడున్నారో తెలుసుకోవడం వరకు 2025 నవంబరులో వచ్చిన నియమాలు మినహాయింపు ఇచ్చాయి. ఇంటి అవసరాలకు ఒక వ్యక్తి స్వయంగా చేసుకునే పనికి ఈ చట్టం వర్తించదు. కాబట్టి పదేళ్ళ కొడుకు చుక్క చూసే తల్లి చట్టాన్ని మీరినట్టు కాదు.

కాని 18 దాటినవారి సంగతి? డిగ్రీలో చేరిన మీరు చట్టం దృష్టిలో పెద్దవారు. ఓటు వేస్తారు, ఒప్పందాలు చేసుకుంటారు. మీ లొకేషన్ ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. తల్లిదండ్రులు అడగవచ్చు, బతిమాలవచ్చు. ఫీజు కట్టేది వాళ్ళే కాబట్టి మాటకు బరువు ఉండనే ఉంటుంది. అయినా అది అడగడమే కావాలి. మీకు తెలియకుండా ఫోనులో ఏదో పెట్టడం అడగడం కాదు.

ఇదే సాధనం భర్త చేతిలోనో, ప్రేమిస్తున్నానన్నవాడి చేతిలోనో ఉన్నప్పుడు మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. "నీ భద్రత కోసమే" అన్న మాట అక్కడా వినిపిస్తుంది. ఒక పురుషుడు ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సమాచార వినియోగాన్ని గమనిస్తూ ఉండటాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వెంటాడటం అనే నేరం కింద చేర్చింది. దానికి మినహాయింపులున్నాయి, ప్రతి కేసూ వేరు. కాని చూడటమన్నది ఎప్పుడూ రక్షణే అవుతుందన్న అమాయకత్వం మనకు వద్దు. 2025 జనవరి మొదట్లో కండ్లకోయలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల వసతిగృహంలో తమను స్నానాల గదుల్లో రహస్యంగా వీడియో తీస్తున్నారని విద్యార్థినులు రాత్రివేళ ఆందోళనకు దిగారు. ఆ అమ్మాయిల్లో చాలామంది ఇంటికి లొకేషన్ పంపుతూనే ఉండి ఉంటారు. ఎవరు చూస్తున్నారు, తెలిసి చూస్తున్నారా, తెలియకుండానా అన్నదే ఇక్కడ తేడా అని వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

7.7 తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇప్పుడు ఒక చిన్న విషయం, కాని మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది. కొత్త ఫోను కొన్నప్పుడు జీమెయిల్ ఖాతా ఎవరు తెరిచారు? చాలామందికి షాపులో కుర్రాడే తెరిచి ఇస్తాడు. పాస్‌వర్డ్ కూడా అతనే పెడతాడు. ఫోను నంబరో, పేరు చివర 123 అనో పెట్టి, చీటీ మీద రాసి ఇస్తాడు. ఆ చీటీ పోతుంది, పాస్‌వర్డ్ మాత్రం అతనికి గుర్తుంటుంది. పోయిన ఫోనును వెదికే ఫైండ్ హబ్ (మొన్నటిదాకా ఫైండ్ మై డివైస్) ఆ ఖాతాతోనే నడుస్తుంది. అంటే కూతురి భద్రత కోసం కొన్న ఫోను ఎక్కడుందో తల్లికన్నా ముందు అపరిచితుడు చూడగలిగే అవకాశం ఉంది. అందరు కుర్రాళ్ళూ అలా చేస్తారని కాదు. తలుపుకు తాళం వేసి తాళంచెవి వీధిలో వదలకూడదు కదా.

పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. రెండంచెల ధృవీకరణ పెట్టండి. ఖాతాలో "మీ పరికరాలు" అన్నచోట మీకు తెలియని ఫోను కనిపిస్తే తీసేయండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ తెరిచి ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. ఎప్పుడో టూరుకు వెళ్ళినప్పుడు చేర్చిన స్నేహితుడు ఇంకా అక్కడే ఉండవచ్చు. లొకేషన్ లింకు రూపంలో పంపితే, ఆ లింకు ఎవరి చేతికి చేరినా తెరుచుకుంటుందని గుర్తుంచుకొని, కాలనీ గ్రూపుల్లో, బంధువుల గ్రూపుల్లో పెట్టకండి.

"మీ అమ్మాయికి తెలియకుండా అన్నీ చూడండి" అని ప్రకటించుకునే యాప్‌లు ప్లే స్టోరు బయట లింకుల ద్వారా వస్తాయి. అవి పనిచేయాలంటే ఫోను రక్షణ కవచాన్ని మీరే ఆపాలి. సందేశాలు, ఫొటోలు, తెర మీద కనిపించేదంతా చూసే అనుమతి ఇవ్వాలి. ఆ సమాచారం మీకొక్కరికే వెళుతుందనడానికి హామీ ఏమిటి? ఎక్కడో ఉన్న, మీకు పేరు కూడా తెలియని సర్వరులో మీ బిడ్డ జీవితం నిల్వ ఉంటుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు: అవి పెట్టకండి.

7.8 ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలి?

వయసును బట్టి మాట మారుతుంది. ఏడేళ్ళ పిల్లాడికి తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. చేయి పట్టుకొని రోడ్డు దాటించినట్టే అదీ. అయినా "నీ వాచీలో ఉన్నది మాకు నువ్వెక్కడున్నావో చెబుతుంది" అని వాడికి చెప్పి పెట్టాలి. ఫోను పోయినా పనికొచ్చేలా అమ్మ నంబరు కంఠతా పట్టించాలి. పాతకాలపు పద్ధతి అనుకోకండి. ఛార్జింగ్ అవసరం లేని సాధనం అదొక్కటే.

పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో బేరం మొదలవుతుంది. బేరం ఆడనివ్వండి. "ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు పెడతా, ఆదివారం మైదానంలో ఆడుకునేటప్పుడు పెట్టను" అని వాడంటే, అందులో న్యాయం ఎంతో చూడండి. మీరు ఒప్పుకున్నదానికి మీరు కట్టుబడితే వాడు కట్టుబడటం సులువవుతుంది. రహస్యంగా పెట్టి దొరికిపోయిన తల్లిదండ్రులకు తరవాత ఏం జరుగుతుందో చాలామంది విద్యార్థులు నాకు చెప్పారు. ఫోనును స్నేహితుడి బ్యాగులో పెట్టి తాము వేరేచోటికి వెళతారు. చుక్క బుద్ధిగా లైబ్రరీలో కూర్చొని ఉంటుంది.

డిగ్రీ వయసుకు వచ్చాక ఇరువైపులా పంచుకుంటే ఎలా ఉంటుంది? కూతురు చుక్క తండ్రికి కనిపిస్తే, రాత్రి డ్యూటీ ముగించుకొని జీనోమ్ వ్యాలీ నుంచి బండి మీద వచ్చే తండ్రి చుక్క కూతురికి కనిపించాలి. అప్పుడది ఒకరి మీద మరొకరి కాపలా కాకుండా పోతుంది. నాన్న ఇంకా రాలేదని ఆమె కూడా ఎదురుచూస్తుంది. ఈ మాట అన్నప్పుడు తండ్రులు కొంచెం కదిలి కూర్చోవడం చూశాను. పరవాలేదు, అలవాటవుతుంది.

చుక్క ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి. మా ఇంట్లో ఇప్పుడున్న పద్ధతి ఇది. మొదట "ఎంతసేపటి క్రితం" అన్న అక్షరాలు చదువుతాం. ఛార్జింగ్ అంకె చూస్తాం. ఒకసారి ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే పావుగంట ఆగి, తోటి పిల్లల నంబరుకు చేస్తాం. అప్పటికీ తెలియకపోతే 112. బండి మీద ఎవరూ దూసుకెళ్ళకూడదు. మనవరాలి వైపు నుంచి కూడా ఒక ఒప్పందం ఉంది. ఆలస్యమైతే ఒక మెసేజ్, ఛార్జింగ్ పది శాతానికి వస్తే ఒక మెసేజ్. నిజంగా భయం వేసి, పక్కవాళ్ళు వింటుంటే చెప్పలేని పరిస్థితిలో ఫోన్ చేసి అడగాల్సిన ఒక మామూలు ప్రశ్న కూడా నిర్ణయించుకున్నాం. అదేమిటో ఇక్కడ రాయను.

7.9 అభ్యాసం

ఈ వారంలో ఒక సాయంత్రం మీ ఇంట్లోవారిలో ఒకరితో ఒక గంటసేపు లొకేషన్ పంచుకోండి. ముందుగా వారికి చెప్పి, వారి అంగీకారంతోనే చేయండి. ఆ గంటలో ప్రతి పది నిమిషాలకు పటంలో కనిపించిన స్థలాన్ని, "ఎంతసేపటి క్రితం" అన్నదాన్ని, నీలి వలయం పరిమాణాన్ని రాసుకోండి. అవతలివారు తామప్పుడు నిజంగా ఎక్కడున్నారో విడిగా రాసుకోవాలి. తరవాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తించండి. స్మార్ట్‌ఫోను లేనివారు అదే గంటలో ఎన్నిసార్లు ఫోన్ చేయాలనిపించిందో, చేసినప్పుడు మొదట అడిగిన ప్రశ్న ఏమిటో రాయండి. ఆ కాగితాలను తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి. పేర్లు, చిరునామాలు మాత్రం కొట్టేసి తీసుకురండి.